ఎదురుకాళ్ల బేరం

మాది బళ్లారిలో అంగళ్లవాళ్ల ఇల్లు. ఉప్పు కూడా బేరమాడకుండా కొనను. పాత నాణేలు సేకరించే పిచ్చి ఒకటి ఉంది. ఎవరో చెప్తే పోయిన ఏడాది కంప్లిలో ఒక పాత సామాన్ల అంగడికి వెళ్లాను. విజయనగర కాలపు రాగి నాణెం ఒకటి నచ్చింది. ధర వినగానే నా విద్య బయటికి తీశాను.

“నేను ఎదురుకాళ్లతో పుట్టినోన్నప్పా. నా చేత్తో బోణీ అయితే నీ అంగడి బంగారమైతాది. సగానికియ్యి.”

అంగడివాడు లోపలున్న వాళ్లన్నను పిలిచాడు. ఇద్దరూ నా పాదాల వైపే చూశారు.

“దుడ్డు వద్దప్పా, ఊరికే తీసుకో,” అన్నాడు అన్న. “అమావాస్యకు మాతో గుట్టకు రా. యాడుండాదో చూపించు, మేం తవ్వుకుంటాం.”

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లకు భూమిలోని నిధి కనిపిస్తుందని మా వైపు నమ్మకం. నిధికి బలి ఇస్తారనీ వింటుంటాం.

“మేకను నేను తేవాల్నా?” అని నవ్వబోయాను.

“మేక చాలదులేప్పా,” అంటూ అన్న షట్టరు సగానికి దించాడు.

నాణెం బల్ల మీద పెట్టేసి, వంగి షట్టరు కిందనుంచి బయటపడ్డాను. బండి తీస్తుంటే, “మీ అంగడి తెలుసులేప్పా, మేమే వస్తాం,” అన్న మాట వినిపించింది. తెలియక ఏం? పలుకుబడి చూపించుకోవాలని వెళ్లగానే దాని పేరు చెప్పింది నేనే.

ఇప్పుడు నాణేలు బిల్లు ఇచ్చేచోటే, చెప్పిన ధరకే కొంటున్నాను. అమావాస్య దగ్గరపడితే మా అంగడి ముందు ఏ బండి ఆగినా షట్టరు సగానికి దించుతున్నాను. నిజానికి నేను అందరిలా తలతోనే పుట్టాను. ఆ మాట ఇప్పుడు చెప్పినా వాళ్లు నమ్మరు, ఇంకో బేరం మొదలుపెట్టాననుకుంటారు.