తమ్ముడు లేని కారు: ట్రావెల్ కార్డు ఉంచాలా, తీసేయాలా తేల్చిన ప్రయాణం

నా ట్రావెల్ క్రెడిట్ కార్డుకు ఏడాది రుసుము పడడానికి ఇంకా పన్నెండు రోజులు ఉండగా, ఆ కార్డు పాయింట్లతో నేను పంపిన కారును మా అక్క భూపాలపల్లి నుంచి ఖాళీగా తిప్పి పంపింది. డ్రైవర్ సాయంత్రం ఫోన్ చేశాడు. "సార్, అమ్మ మంచిగ అన్నం బెట్టింది. చేపల పులుసు గూడ ఏసింది. కారు మాత్రం ఎక్కలే. ఒక మాట చెప్పమన్నది సార్, ఏమనుకోవద్దు. 'నా ఒడి కారుకు పట్టాల్నా, తమ్మునికి పట్టాల్నా అడుగు' అన్నది."

తెలంగాణ బయటివారికి ఒక మాట చెప్పాలి. మా దిక్కు పెళ్ళయిన ఆడబిడ్డను కొన్నేళ్ళకు ఒకసారి పుట్టింటికి పిలిచి, ఒడిలో బియ్యం, పసుపు కుంకుమలు, చీర పెట్టి పంపుతారు. దీన్ని ఒడిబియ్యం అంటారు. మా ఇంట్లో ఇది ఐదేళ్ళకు ఒకసారి. పిలుపుకు అన్నో తమ్ముడో స్వయంగా వెళ్ళి తీసుకురావాలి. ఫోన్లో పిలిస్తే అది పిలుపు కాదు. ఈ శుక్రవారం జనగామలో మా ఇంట్లో అక్కకు ఒడిబియ్యం పెట్టుకున్నాం. మోకాళ్ళ నొప్పుల వంకతో నేను కారు పంపాను, అదీ ఏసీ కారు. నలభై ఏళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పినవాడిని, ఇంటి చరిత్ర దగ్గర తప్పాను. అక్కకు డెబ్బై నాలుగు, నాకు అరవై తొమ్మిది. మళ్ళీ ఐదేళ్ళకు ఒడి పట్టేవాళ్ళు, పోసేవాళ్ళు ఉంటారని రాసిచ్చేవారు ఎవరూ లేరు. ఇప్పుడు రానంటే ఇక రాదన్నట్టే. అందుకే మంగళవారం పొద్దున్నే బయలుదేరాను. దారిలో కార్డు సంగతి కూడా తేల్చుకుందామని పర్సులో అదీ పెట్టుకున్నాను.

కార్డు లెక్క ముందే చెబుతాను, ఇది చదివేవారిలో చాలామంది ఆ లెక్క కోసమే వచ్చి ఉంటారు. ఏడాదికి ఐదు వేలు, పన్నుతో కలిపి ఐదు వేల తొమ్మిది వందలు. నా దగ్గర నలభై వేల పాయింట్లున్నాయి. రుసుము కట్టి ఉంచుకుంటే పాయింట్లు అలాగే ఉంటాయి, విమానాశ్రయం లాంజ్‌లో ఏడాదికి ఎనిమిదిసార్లు కూర్చోవచ్చు. రుసుము లేని చిన్న కార్డుకు దిగితే పాయింట్ల విలువ సగమవుతుంది, లాంజ్ పోతుంది. రద్దు చేస్తే మిగిలిన పాయింట్లన్నీ గాలికి పోతాయి. కిందటి ఏడాది నేను విమానం ఎక్కింది ఒక్కసారి. లాంజ్‌లో తిన్నది రెండు ఇడ్లీలు, చల్లారిన ఉప్మా. ఒక్క ఇడ్లీ దాదాపు మూడు వేలు పడింది. ఉచితంగా ఊళ్ళు తిరిగామని వీడియోలు పెట్టే కుర్రాళ్ళు ఈ ఇడ్లీ లెక్క ఎప్పుడూ చెప్పరు.

మరి ఎందుకు తీసుకున్నానంటే, నేను ఆ కార్డు తీసుకున్నది తిరగడానికి కాదు, పగ తీర్చుకోవడానికి. మా కాలేజీలో కోస్తా నుంచి వచ్చిన ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన ఉండేవాడు. నేను "గట్లనా" అంటే చాలు, సినిమాల్లో మా యాసను వెక్కిరించే గొంతు పెట్టి "గట్లనే, గట్లనే" అనేవాడు. స్టాఫ్ రూమంతా నవ్వేది. నవ్వినవాళ్ళలో మా జిల్లావాళ్ళే ఎక్కువ, అది ఇంకా మరిచిపోలేదు. ఆయన కంటే ఎక్కువ పుస్తకాలు చదివాను. ఆయన కంటే శుభ్రమైన పుస్తకాల తెలుగు మాట్లాడడం నేర్చుకున్నాను. రిటైరయ్యాక ఒక పెళ్ళిలో కలిసి, తన నల్ల కార్డు తీసి లాంజ్‌ల గురించి గంటసేపు చెప్పాడు. నెల తిరక్కుండా నేను అంతకంటే పెద్ద కార్డు తెచ్చుకున్నాను.

జనగామ నుంచి భూపాలపల్లికి దగ్గరి దారి హనుమకొండ, పరకాల మీదుగా; బస్సులు దొరికితే మూడున్నర గంటలు. నేను వంకర దారి పట్టాను. మా సొంతూరు నర్సింహులపేట మండలంలో ఉంది. నాయిన అక్కను పిలవడానికి ఎప్పుడూ మానుకోట నుంచే, అంటే ఇప్పుడు బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసే ఊరి నుంచే వెళ్ళేవాడు. ఉట్టి చేతులతో పోకూడదని మా చేను మిరపకాయలు ఒక సంచి పట్టుకుపోయేవాడు. ఏడు గంటలు దాటాక జనగామలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జనరల్ టికెట్ డెబ్బై లోపే. కౌంటర్లో కార్డు చూపిస్తే ఆయన దాన్నీ నన్నూ చూసి, "చిల్లర ఇయ్యి పెద్దాయినా, ఎనుక లైను జూడు" అన్నాడు. కాజీపేట, వరంగల్ దాకా నిలబడ్డాను. ఆ తర్వాత కిటికీ దొరికింది. నెక్కొండ, కేసముద్రం దాటుతుంటే మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. రైలు డబ్బాలో నలుగురైదుగురు ఒకేసారి తుమ్మారు. వరంగల్ నుంచి ఇంటికొచ్చేటప్పుడు నాయిన ఇక్కడే తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇగో, మన జిల్లా వచ్చింది" అనేవాడు. వరంగల్ దగ్గరి నుంచీ మన జిల్లాలోనే ఉన్నామని నేను పద్నాలుగేళ్ళ తెలివితో సరిదిద్దేవాణ్ణి. ఆయన అన్నది జిల్లా గురించి కాదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తొమ్మిదిన్నరకు మానుకోట బస్టాండులో భీమ్లా ఎదురుచూస్తున్నాడు. మా చేను కౌలు చేసేది అతనే, ఊరి పక్క తండా మనిషి. ఐదు కిలోల మిర్చి సంచి చేతిలో పెట్టి, నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏంది భీమ్లా, ఏమైంది?"

"ఏం లేదు సారు. కారు పంపినవట గదా."

"నీకెవరు చెప్పిన్రు?"

"అక్కనే ఫోన్ జేసింది. 'మీ సారు కారుల ఉన్నడేమోనని డిక్కీ గూడ తీపిచ్చి జూసిన' అన్నది." ఇక ఆపుకోలేక నవ్వేశాడు. "మా తండల గిట్ల జేస్తే, చెల్లె రాఖీకి గూడ రాదు సారు. మా అమ్మ అయితే మనిషి మీద మనిషిని పంపి తిట్టిస్తది."

"మరి ఇప్పుడు వస్తదంటవా?"

"మిర్చి జూసి మెత్తవడ్తదేమో. తెల్వదు. చానా కోపం మీద ఉన్నది. జర తగ్గి మాట్లాడు, పాఠం చెప్పకు."

పది గంటలకు గూడూరు మీదుగా నర్సంపేట పోయే బస్సు ఎక్కాను. గూడూరులో ఒక ముసలమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. నేను డెబ్బై చిల్లర నోట్లతో ఇచ్చాను. ఆమె నా పర్సులోకి వంగి చూసి, "గదేం కార్డు నాయినా, నల్లగ మెరుస్తంది? బస్సుల నడుస్తదా?" అంది. నడవదని చెప్పాను. "మరి ఎందుకు మోస్తున్నవ్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నిద్రపోయింది. ఆమె ఆధార్ కార్డుకు ఏడాది రుసుము లేదు, పాయింట్లు లేవు, పైగా కిటికీ పక్క సీటు. నా కార్డు మీద ఆమె మాట కంటే మంచి సమీక్ష నేను ఎక్కడా చదవలేదు.

నర్సంపేటలో మారి, మల్లంపల్లి మీదుగా ములుగు చేరి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని ఘనపురం మీదుగా వెళ్ళాను. బస్సుల మధ్య నిలబడిన సమయం కలుపుకుంటే నాలుగు గంటలకు పైనే పట్టింది. ములుగులో పెసరట్టు, టీ కలిపి అరవై రూపాయలు. మొదటిసారి నాయినతో ఈ దారిన వచ్చినప్పుడు ములుగు దాకానే బస్సు, తర్వాత బండి, ఆఖరి రెండు మైళ్ళు నడక. అక్క అత్తగారింటి అరుగు మీద నాయిన కూర్చుని వానల గురించి, వడ్ల ధర గురించి, బర్రె ఈనిన సంగతి గురించి మాట్లాడేవాడు, పిలవడానికి వచ్చిన మాట తప్ప. అక్క తలుపు వెనక ఉండేది. గాజుల చప్పుడు వినిపించేది. చివరికి అత్తగారు "మీ బిడ్డను తోలుకపోను వచ్చినవా ఏంది?" అని అడిగేది. అప్పుడు నాయిన "మీరు పంపుతమంటే" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపు అక్క సంచి పట్టుకుని గడపలో ఉండేది. ఆ సంచి ఎప్పుడు సర్దుకున్నదో ఎవరికీ తెలియదు.

రెండు దాటాక భూపాలపల్లి చేరాను. బావ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇల్లు కాలనీ వెనక ఉంది. ఆటోకు యాభై అడిగాడు. దారిలో "ఎవరింటికి?" అన్నాడు, చెప్పాను. "ఓ, కారు వాపస్ పంపినామె ఇల్లా?" అన్నాడు.

బావ వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. "రా బామ్మర్దీ. డ్రైవర్ రాలేదా ఈసారి?" అన్నాడు. అక్క తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. నేను మిరపకాయల సంచి కింద పెట్టాను. ఒక కాయ తీసి విరిచి, వాసన చూసి, పక్కన పెట్టింది.

"వచ్చిన అక్కా," అన్నాను.

"కనవడ్తంది. మోకాళ్ళు మంచిగైనయా?"

"కాలే."

"మరి ఎట్ల వచ్చినవ్?"

"రైలు, మూడు బస్సులు, ఆటో."

"నాయిన పట్టిన దారేనా?" అంది. అవునన్నాను. అప్పుడు వచ్చి గడప మీద కూర్చుంది. "ఆ కారు రాంగనే నేను సంచి పట్టుకొని బయటికొచ్చిన. తమ్ముడు ఎనుక సీట్ల ఉన్నడనుకున్న. వాకిట్ల అందరు జూస్తున్నరు. తలుపు తీస్తే నీళ్ళ సీసలు రెండున్నయి. నాకు ఎంత సిగ్గయింది, చెప్పు."

భీమ్లా మాట గుర్తుంచుకుని పాఠం చెప్పలేదు. "తప్పయింది," అన్నాను.

బావ మాట మార్చాలని, కార్డు చూపించమన్నాడు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "గిది చూపిస్తే విమానాల కాడ కూసోనిస్తరా?"

"ఇస్తరు. తిండి గూడ పెడ్తరు."

"నేను నీ ఎంబడొస్తే?"

"నన్నొక్కన్నే పోనిస్తరు. ఎంట వచ్చినోళ్ళకు వేరే పైసలు."

"అబ్బో, మంచి మర్యాదనే," అన్నాడు బావ.

"ఏడాదికి ఎంత?" అంది అక్క. చెప్పాను. "ఎందుకు తీసుకున్నవ్ మరి?" అబద్ధం చెప్పవచ్చు. కానీ ఆ గడప దగ్గర నోటికి రాలేదు. ఇంగ్లీషు లెక్చరర్ సంగతి, "గట్లనే" అన్న వెక్కిరింపు, పెళ్ళిలో చూపించిన కార్డు, అంతా చెప్పాను. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అది.

"ఆయినె ఇప్పుడేడున్నడు?"

"రెండేండ్లాయె సచ్చిపోయి."

అక్క కార్డు నా చేతిలో పెట్టింది. "అంటే సచ్చినోనితోని పోటీకి ఏడాదికి ఆరు వేలు కడ్తున్నవా తమ్మీ?" అని, మిరపకాయల సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలినుంచే అంది, "ఇయ్యాల ఉండు. పొద్దుగాల పోదాం. మీ బావది లుంగీ ఇస్త, అది గట్టుకో."

తెల్లవారి బస్సు బయలుదేరేముందు, బావ వాకిట్లోనే కార్డు కంపెనీకి ఫోన్ చేశాను. పాయింట్లు ముందురోజు సాయంత్రమే కరెంటు బిల్లుకు, కిరాణా వోచర్లకు మార్చేశాను. విమానం టికెట్‌కు వాడితే వచ్చే విలువలో సగమే వచ్చింది. ఫోన్లో అమ్మాయి మొదట సగం రుసుము మాఫీ అంది, తర్వాత మొత్తం మాఫీ అంది, తర్వాత చిన్న కార్డు ఉచితం అంది. ఏడాదికి నాలుగైదుసార్లు విమానం ఎక్కేవారు మాఫీ అడిగి ఉంచుకోండి. ఎప్పుడో ఒకసారి ఎక్కేవారికి ఉచిత చిన్న కార్డు తెలివైన దారి. నా విషయంలోనూ అదే తెలివైనది. కానీ చిన్నదైనా పెద్దదైనా ఆ కార్డు పెట్టుకున్నంతకాలం ఆ లెక్చరర్ వెక్కిరింపు నా పర్సులో ఉంటుంది. "వద్దు బిడ్డా, మొత్తం తీసెయ్యి. తీసేసినట్టు కాయితం పంపు," అన్నాను. ఏళ్ళుగా బయటివాళ్ళతో నేను మాట్లాడని తెలుగులో అన్నాను. ఆ అమ్మాయి "మంచిది బాపూ" అంది. ఆమెది ఏ ఊరో అడగలేదు.

జనగామకు తిరిగి పరకాల దారినే వెళ్ళాం, అక్క జీరో టికెట్ మీద, బావా నేనూ డబ్బులిచ్చి. శుక్రవారం మా ఇంటావిడ పోసిన బియ్యం ఒడిలో పట్టుకుని అక్క లేచి నిలబడితే, బరువుకు కొంచెం తూలింది. ఒక చేయి నేను పట్టుకున్నాను. పగ మనిషిని చాలా దూరం నడిపిస్తుంది, నేను విమానాశ్రయాల దాకా వెళ్ళాను. వెళ్ళవలసిన చోటు మాత్రం మూడు బస్సుల దూరంలోనే ఉండేది, రమ్మని అడుగుతూనే ఉండేది. ఈ పని మీద భూపాలపల్లి వెళ్ళేవారికి ఒక్కటే సలహా: అదే రోజు తిరుగు ప్రయాణం పెట్టుకోకండి, ఒక జత బట్టలు పట్టుకుపోండి. అక్క "ఇయ్యాల ఉండు" అన్నదంటే వస్తుంది. భోజనం పెట్టి, బస్సు ఎన్నింటికని అడిగిందంటే కోపం తీరలేదన్నమాట, ఇంకో అరగంట గడప దగ్గరే కూర్చోండి.