ఉప్పునీళ్ళలో కరెంటు

మొన్న మా స్మృతి నగర్ ఇంట్లో మనవరాలు వంటగట్టు మీద గ్లాసుడు ఉప్పునీళ్ళు పెట్టుకుని అందులోకి రెండు వైర్లు దించుతుంటే, నేను పరుగెత్తి ఇంటికంతటికీ మెయిన్ స్విచ్ కట్టేశాను. "అది టార్చి బ్యాటరీ అత్తయ్యా, నా మిక్సీ ఆగిపోయింది" అని కోడలు విసుక్కుంది. ఆ విసుగూ నాకు గుర్తుంటుంది. ఏదీ మరిచిపోయే మనిషిని కాను. కాని అంతలా ఎందుకు పరుగెత్తానో నా ఈడువాళ్ళకే చెప్పుకోవాలి.

ఎనభైల మొదట్లో ఇక్కడే, ఈ హిందీవాళ్ళ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, ఒక సెక్టారు బడిలో కొత్తగా సైన్సు చెప్పేదాన్ని, ఇంకా ప్రొబేషనే. పిల్లలు టీచర్లను దీదీ అనేవారు. పాత టార్చి సెల్స్ పగలగొట్టి తీసిన రెండు కార్బన్ కడ్డీలు, మూడు కొత్త సెల్స్, ఒక బుల్లి బల్బు, అంతే నా సరంజామా. ఉప్పు నీళ్ళలో అయాన్లుగా విడిపోతుంది గనుక బల్బు వెలుగుతుందని, పంచదార అణువులు అలాగే ఉండిపోతాయి గనుక వెలగదని పిల్లలు కళ్ళారా చూసి నేర్చుకునేవారు. ఒక ద్రావణంలోంచి తీసిన కడ్డీలను కడిగి తుడిచాకే ఇంకోదాంట్లో ముంచాలని, లేకపోతే అంటుకున్న ఉప్పు మనకు అబద్ధం చెబుతుందని వందసార్లు చెప్పాను.

ఇన్‌స్పెక్షన్ వస్తోందనగా, మా విజయనగరం వైపువారే అయిన సీనియర్ మాస్టారు స్టాఫ్‌రూములో అందరి ముందూ నవ్వారు. "ఏటమ్మా ఇది, ఇన్‌స్పెక్టరుకి మిణుగురు పురుగుని సూపిస్తావేటి?" ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. ప్లాంటులో పనిచేసే ఒక తండ్రిచేత చెక్క మీద పెద్ద బల్బు బిగించి, నా కడ్డీలకే వైర్లు కలిపి, తిన్నగా గోడ ప్లగ్గుకు తగిలించేలా చేయించారాయన. మా ఊళ్ళో ఏదైనా భారీగా ఉంటేనే గౌరవం. ఇది ప్రమాదమని నేను కాగితం రాసిస్తే, హెడ్‌మాస్టరు "అరే మేడమ్, ఇస్పాత్ నగర్‌లో బిజిలీకి భయమా?" అని, ఉక్కు ఊళ్ళో ఉంటూ కరెంటుకు జంకడమేమిటన్నట్టు చూసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇన్‌స్పెక్షన్ రోజు ఉప్పునీళ్ళకు బల్బు భగ్గున వెలిగింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కడ్డీలు పైకెత్తగానే ఆరిపోయింది, కాని గోడ కరెంటు కడ్డీలో ఉండనే ఉంది. నేను స్విచ్ వైపు తిరిగేలోగా ముందు బెంచీలోని శ్రీకాకుళం పిల్ల తడిగుడ్డతో వచ్చి, తుడవడానికి కడ్డీ పట్టుకుంది. ఒకే ఒక్క కేక. నేను వైరు పట్టి ప్లగ్గును ఊడలాగాను. పిల్ల నేలమీద ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, మాట లేదు. నాకు ఉద్యోగమూ ఇన్‌స్పెక్టరూ ఏమీ గుర్తు రాలేదు. వాళ్ళమ్మకు ఏం చెప్పాలి అన్న ఒక్క భయంతో ఆ పిల్ల అరచేతులు రుద్దుతూ కూర్చున్నాను.

"బల్బు ఆరిపోనాది కదా దీదీ" అంది చివరికి, తనదే తప్పన్నట్టు.

టీచరు కంగారుమనిషి అని ఇన్‌స్పెక్టరు రాసి వెళ్ళాడు. మాస్టారు ఆ బల్బు చెక్కను తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశారు. వాళ్ళమీద నా కోపం నాదే. కాని ఆ పిల్ల అల్లరి చేసి పడిపోలేదు, నేను చెప్పినట్టే చేసి పడిపోయింది. ఇప్పటి పిల్లలు దేన్నయినా ముట్టుకునే ముందు నాలుగు ప్రశ్నలడుగుతారు, మంచిదే, అడగాలి. టీచరు చెప్పిందంటే చాలనుకుని చెయ్యి చాపే పిల్లలు ఇప్పుడు ఎక్కడా కనిపించరు. వాళ్ళను తలుచుకుంటే బెంగగా ఉంటుంది, ఆ వెంటనే ఆ ఒక్క కేక వినిపిస్తుంది.