నలుగురున్న ఫోటో

నిన్న మా అమ్మాయి అట్లాసుకి అట్ట ఊడితే, అతికిద్దామని మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేశాను. ఆ వాసన ముక్కుకు తగలగానే ఖాదర్ గారు గుర్తొచ్చారు. ఆయన మంచివారేనా అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా అవునంటాను. ఆయన నా విషయంలో చేసింది మంచిపనేనా అని అడిగితే మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా తెల్లమొహం వేస్తాను.

తొంభైల చివర్లో ఐటీఐలో బైండింగ్ నేర్చుకుని, విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ప్రెస్సులో ఏడాది ట్రైనింగుకి చేరాను. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఖాదర్ గారు అక్కడ బైండింగ్ సెక్షన్ సూపర్‌వైజరు, యాభై దాటిన మనిషి. మేం మడిచిన కాగితాలను కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి, వంకర ఎక్కడుందో చెప్పేవారు. నేర్చుకునేవాళ్లకి ఇవన్నీ ఎందుకని ఓనరు గారు గొణుగుతున్నా వినకుండా, చేరిన రోజే నా పేరు కార్మికుల బీమాలో ఎక్కించాలని పట్టుబట్టారు. సూదీ దారం ఇస్తారని నేను చెయ్యి చాపితే, బీమా ఆసుపత్రి కార్డు కోసమని దరఖాస్తు కాగితం పెట్టారు.

"నాకు ఆసుపత్రి కార్డెందుకండీ? నాకేం జబ్బు లేదు."

"జబ్బొచ్చాక రాస్తే పనికిరాదమ్మా. పేరెక్కి కొన్ని నెలలు నిండాలి. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మ, నాన్న, నేనండి."

"అయితే వాళ్లకీ పనికొస్తుంది. ముగ్గురూ కలిసి ఒక ఫోటో దిగి పట్రా."

నాకు తల తిరిగిపోయింది. ఆసుపత్రి కార్డని చెప్పినా, ఇన్సూరెన్సంటే మాకు తెలిసింది ఒకటే, మనిషి పోయాక వచ్చేది. బతికున్న ముగ్గురి ఫోటో దానికెందుకో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఇంటికెళ్లి చెబితే అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఒకళ్లు తగ్గుతారంటారే! అందులోనూ ఇన్సూరెన్సుకా?" అంది. కొండ మీద ఒంటిగది ఇల్లు మాది. పక్కింట్లో ఉండే ఆరేళ్ల చిట్టికి రిబ్బన్లు కట్టి, స్టూడియోకి తీసుకొచ్చి మా మధ్యలో కూర్చోబెట్టింది. గోడౌన్లో బస్తాలు దించి నేరుగా వచ్చిన నాన్న చొక్కా దులుపుకుని పక్కన కూర్చున్నాడు. నలుగురమయ్యామని అమ్మ మనసు కుదుటపడింది.

మర్నాడు ఖాదర్ గారు ఫోటో చూసి, "ఈ పాప ఎవరమ్మా?" అన్నారు. మా అమ్మ నమ్మకం గురించి చెబితే నవ్వుతారని సిగ్గేసింది.

"మా చెల్లండి."

"నిన్న ముగ్గురన్నావుగా?"

"మర్చిపోయానండి."

సొంత చెల్లిని మర్చిపోయే మనిషి ఎక్కడైనా ఉంటుందా! ఆయన నా మొహంలోకి ఒక్క నిమిషం చూశారు. పేరడిగారు, చిట్టి అన్నాను. రాసుకుని, కింద సంతకం పెట్టి, సూది నా చేతికిచ్చారు.

ట్రైనింగు పూర్తవక ముందే అమ్మకు గర్భసంచిలో గడ్డ అన్నారు. రక్తం పోయి పోయి గది దాటి రాలేని స్థితికొచ్చింది. ఆపరేషన్ చెయ్యకపోతే దక్కదన్నారు. బయట చేయించే తాహతు మాకెక్కడిది? బీమా ఆసుపత్రికి తీసుకెళ్తే, కౌంటర్ దగ్గర గుమాస్తా కార్డు మీద ఫోటో చూసి, మాట వరసకి, "చిన్నమ్మాయి ఏం చదువుతోంది?" అన్నాడు. "మా అమ్మాయి కాదు బాబూ, పక్కింటి పిల్ల" అంది అమ్మ. నిజం చెప్పడానికి ఆవిడకి అంతకన్నా మంచి సమయం దొరకలేదు. గుమాస్తా కార్డు పక్కన పెట్టేశాడు. సంతకం పెట్టిన మనిషి వచ్చి జవాబు చెప్పేదాకా చేర్చుకోవడం కుదరదన్నాడు.

ఫోన్ చేస్తే ఖాదర్ గారు చేతులకి బంకతోనే మోపెడ్ మీద వచ్చారు. "అమ్మాయి ముగ్గురనే చెప్పిందండి. తప్పుగా రాసింది నేనే" అన్నారు. అందరి ముందూ ఆ గుమాస్తా ఆయన్ని చిన్నపిల్లాణ్ణి మందలించినట్టు మందలించాడు. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు. చివరికి ఖాదర్ గారి చేత ఒక ఉత్తరం రాయించుకుని, సరైన ఫోటో తెమ్మన్నారు. బల్ల మీద మెలికలు తిరుగుతూ కూడా అమ్మ, "కోతకి ముందు ముగ్గురం దిగాలా? చచ్చినా దిగను" అంది.

ఖాదర్ గారు ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నారు. "మా అమ్మ కూడా ఇదే మాట అనేది చెల్లెమ్మా. ఫోటో తీసేటప్పుడు నేను మీ ఎదురుగా నిలబడతాను. అప్పుడు నలుగురమేగా."

"మీరు ఫోటోలో పడరుగా అన్నయ్యగారూ?"

"పడను. కానీ అక్కడే ఉంటానుగా."

అమ్మ లేచింది. ఎందుకు ఒప్పుకుందో ఆవిడకే తెలియాలి. నాలుగో రోజున ఆపరేషన్ అయింది, బతికింది.

తర్వాత ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "నేను అబద్ధం చెప్పానని మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసు."

"మరెందుకు రాశారు?"

"తిప్పి పంపిస్తే మళ్లీ తెచ్చేదానివా?" అన్నారు. "తర్వాత సరిచేయిద్దామనుకున్నాను. పనిలో పడి మర్చిపోయాను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. తెలిసి తెలిసి అబద్ధం మీద సంతకం పెట్టి, మర్చిపోయానంటారా? అమ్మ ప్రాణం ఆ మరుపు దగ్గర వేలాడింది కదా. కానీ ఆ రోజు తిప్పి పంపిస్తే నేను తెచ్చేదాన్ని కాదు. నెలలూ నిండేవి కావు, కార్డూ ఉండేది కాదు. ఇందులో ఏది ముందు పెట్టి ఏది వెనక పెట్టాలో తేలక, ఆయన పోయినప్పుడు కూడా ఆ సందేహంతోనే వెళ్లి దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు నేనే ఆడపిల్లలకి బైండింగ్ నేర్పిస్తున్నాను. వాళ్ల బీమా దరఖాస్తులు నా చేతి మీదుగానే వెళ్తాయి. కిందటి నెల ఒకమ్మాయి రాసినదాంట్లో అబద్ధం కనిపించింది. కోప్పడకుండా, సరిచేసి తెమ్మని వెనక్కిచ్చాను. నియమం ప్రకారం నేను చేసింది సరైన పనే. ఆ అమ్మాయి మళ్లీ తేలేదు. రెండుసార్లు అడిగితే తల దించుకుంది. ఈ ఆదివారం వాళ్లింటికి వెళ్దామనుకుంటున్నాను. పెన్ను తీసుకునే వెళ్తాను. అక్కడ ఏం రాస్తానో మాత్రం నాకింకా తెలియదు.