శ్రుతి పట్టే మనిషి

మా మేళంలో ముగ్గురం. మా అక్క భర్తది సన్నాయి, ఆయన తమ్ముడిది డోలు, నాది శ్రుతి. శ్రుతి అంటే ఒకటే స్వరం. నా సన్నాయికి రంధ్రాలన్నీ మైనంతో మూసి ఉంటాయి. బుగ్గల నిండా గాలి పట్టి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, బావ పాట ముగిసేదాకా తెంపు లేకుండా ఊదాలి. పెళ్లిళ్లలో ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, "నీకు పాట రాదా?" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. నేను ఆపితే ఆ పాట దేనిమీద నిలబడుతుందో వాళ్లకేం తెలుసు?

కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. మళ్లీ మొదలైనప్పుడు కల్వకుర్తి దగ్గర ఒక పెళ్లికి పిలుపొచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని బావ మా గడప బయటే నిలబడ్డాడు.

"ఏమనుకోకు బామ్మర్ది. మందిని తగ్గియ్యమంటున్నరు. సుతి ఫోన్ల పెట్టుకుంట. గీ ఒక్క పెండ్లికే."

"గట్లనే కానియ్ బావా," అన్నాను.

రోగం పోయింది. జనం మళ్లీ పెళ్లిళ్లకు విరగబడ్డారు. బావ నన్ను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. నేనూ అడగలేదు. మొండితనం మా ఇంటి సొత్తు. పత్తి మిల్లులో కూలికి కుదిరాను. సాయంత్రం ఇంటికొచ్చి శ్రుతి ఊదుతూ కూర్చునేవాణ్ణి.

"చాలు తియ్యి, తలకాయ నొస్తాంది," అనేది మా ఆవిడ. ఆమె తప్పేముంది? పాట లేని శ్రుతి ఎంతసేపు ఊదినా ఎక్కడికీ పోదు. ఇంటినిండా మనుషులున్నా అంత ఒంటరితనం నేనెప్పుడూ ఎరగను.

పోయిన మాఘంలో మా బిడ్డ పెళ్లి. బావే వాయించాడు. పక్కన నేను కూర్చునే చోట కుర్చీ వేసి దానిమీద ఫోను పెట్టాడు. అల్లుడి కాళ్లు కడుగుతున్నా నా చెవి ఆ కుర్చీ మీదే ఉంది. ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని చూశాను. దొరకలేదు.

భోజనాల బంతులన్నీ లేచాక బావ ఒక్కడే విస్తరి ముందు కూర్చున్నాడు. నేనే వడ్డించాను.

"ఫోను మంచిగనే ఊదుతది బామ్మర్ది," అన్నాడు తల ఎత్తకుండా. "కాని పాట తప్పుతున్ననని అనిపిస్తే నీ మొకం దిక్కు సూస్తుంటి. నువ్వు కండ్లతోటే చెప్తుంటివి. ఇప్పుడు ఎటు సూడాలె?"

మరి నన్ను పిలువరాదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన కూడా దానికోసమే ఆగాడేమో, ముద్ద చేతిలోనే ఉంది.

"పెరుగు ఎయ్యాల్నా బావా?" అని అడిగాను.

"ఎయ్యి," అన్నాడు.