మద్దిలేటమ్మ చేతులు కట్టేసిన హోమ్ ప్లాన్

కోవిడ్ తర్వాత బడులు మళ్ళీ తెరిచిన ఏడాది నేను కర్నూలులో బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వినికిడి లోపం ఉన్న పిల్లలకు చదువు చెప్పడం నా స్పెషలైజేషన్. మాలో ప్రతి ఒక్కరూ ఒక బిడ్డ మీద కేస్ స్టడీ చేయాలి. అంటే ఆ బిడ్డకు ఏం వచ్చో, ఏం రాదో రాసుకుని, కొన్ని వారాలు నేర్పి, వచ్చిన మార్పును రికార్డులో చూపించాలి. నాకు పత్తికొండలో ఎనిమిదేళ్ళ మహేశ్వరి దొరికింది.

మహేశ్వరికి పుట్టుచెవుడు. తండ్రి లేడు. తల్లి మద్దిలేటమ్మ టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోయేది. ఆ తల్లీకూతుళ్ళ మధ్య బోలెడన్ని సైగలు ఉండేవి, అన్నీ వాళ్ళు కల్పించుకున్నవే. పిడికిలి కడుపు మీద తిప్పితే ఆకలి. ముక్కుపుడక చోట వేలు పెడితే పక్కింటి అవ్వ. మండీలో ఎవరెవరు పోట్లాడుకున్నారో మద్దిలేటమ్మ చేతులతోనే చెబుతుంటే పిల్ల పడీపడీ నవ్వేది. నేను అదంతా కళ్ళారా చూసి కూడా రికార్డులో ‘భాష లేదు’ అని రాశాను.

మాకు క్లాసులో ఒక పద్ధతి నేర్పారు. మాట నేర్పే అరగంట మాత్రం సైగకు బదులివ్వకుండా, బిడ్డ గొంతు విప్పేదాకా ఆగాలి. నేను అతితెలివికి పోయాను. అరగంట చేస్తేనే ఫలితం ఉంటే, రోజంతా చేస్తే ఇంకెంత ఉంటుందో అనుకున్నాను. హోమ్ ప్లాన్‌లో, అంటే ఇంట్లో తల్లి చేయాల్సిన పనుల కాగితంలో, పిల్ల ఎప్పుడు సైగ చేసినా చూడనట్టే ఉండాలని రాసి, ఆమెకు చదివి వినిపించాను.

ఆమె మెల్లగా, “మా ఇద్దరికీ ఉండే మాటలు అవేగదా మేడం. అవి మానుకుంటే దానికి మాటొస్తాదా?” అని అడిగింది.

“వస్తుందమ్మా,” అన్నాను. అంత ధైర్యంగా ఎలా చెప్పానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆరు వారాల్లో మహేశ్వరి చెవి మిషను పెట్టుకుని, నా పెదాలు చూసి ‘అమ్మ’ అంది, ‘పాప’ అంది. ఆ వీడియో జతచేసినందుకు మంచి మార్కులు వచ్చాయి. ఆ తర్వాత పరీక్షలు, ఉద్యోగ ప్రయత్నాలు. ప్లాన్ ఎప్పుడు ఆపాలో మద్దిలేటమ్మకు నేను చెప్పనే లేదు.

ఏడాదిన్నరకు మైదుకూరు దగ్గర ఉద్యోగం వచ్చింది. చేరేముందు ఒకసారి చూద్దామని పత్తికొండ వెళ్ళాను. చెవి మిషను ఎప్పుడో పాడైపోయింది. దాంతో వచ్చిన ఆ రెండు మాటలూ పోయాయి. మహేశ్వరి గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది.

“నువ్వు చెప్పినట్టే చేసినా మేడం,” అంది మద్దిలేటమ్మ. “ఎంత ఏడ్చినా దాని చేతి దిక్కు చూడలే. ఇప్పుడు ఆకలైనా నన్ను అడగదు. దొరికింది తింటాది, లేకుంటే అట్లే పండుకుంటాది.”

తప్పు నాదేనని ఒప్పుకుని, సైగలు మళ్ళీ మొదలుపెట్టమని బతిమాలాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కూతురి ఎదురుగా పోయి కూర్చుని, చేతులెత్తి ఏదో అడిగింది. మహేశ్వరి ఆ చేతులను కాసేపు చూసి తల తిప్పుకుంది.

ఇప్పుడు నా దగ్గరికి ఏ బిడ్డ వచ్చినా, ఆ ఇంట్లో ఎట్లా మాట్లాడుకుంటారో ముందు తల్లినడిగి నేర్చుకుంటాను. నా పాఠం ఆ తర్వాతే. ఈ బుద్ధి నాకు వచ్చింది గానీ, పోగొట్టుకున్నది ఆ తల్లీకూతుళ్ళు. రెండేళ్ళుగా వీలైనప్పుడల్లా పత్తికొండ పోతూనే ఉన్నాను. మహేశ్వరి ఇంకా తల్లితో మాట్లాడడం లేదు.