నాగమణమ్మ ఇంటి గడియ

గౌలిపురలో మా గల్లీ చివర నాగమణమ్మ ఇంటికి తలుపుంది, ఆ తలుపుకు గడియా ఉంది. ఆ గడియ వేయగా మాత్రం నేనెన్నడూ చూడలేదు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం మూసి వచ్చి, పాలగిన్నె పట్టుకుని నేరుగా ఆమె వాకిట్లోకి పోవడం నా అలవాటు. గల్లీ అంతటికీ అదే అలవాటు. వచ్చినవాళ్లను ఆమె ముందు "తిన్నవా?" అని అడుగుతుంది, పని సంగతి తర్వాత.

భర్త పోయాక నాలుగు బర్రెలతో సంసారం ఈదుకొచ్చిన మనిషి. నోరు పెద్దది. పాలల్లో నీళ్లున్నాయని ఎవరైనా అంటే ఆ రోజుతో వాళ్లకు పాలు బంద్. కానీ బర్రె ఈనిందంటే చాలు, జున్ను వండి ఇంటింటికీ తిరిగి తానే పంచుతుంది. జున్ను అమ్మితే దూడకు మంచిది కాదని ఆమె నమ్మకం.

మొన్న చలికాలంలో ఆమె పెద్ద బర్రె ఈనిన మర్నాడు, సాయంత్రం పూట ఓ చిన్న కారు మా గల్లీలోకి దూరి ఇరుక్కుపోయింది. అందులో నిఖిలేష్, అనూహ్య అనే కొత్త జంట. విజయవాడ నుంచి హంపికి పోతూ దారిలో ఊళ్లు చూస్తున్నారట. లాడ్జి ఖర్చు దండగని కారులోనే పడుకుంటున్నారట. రాత్రికి బండి పెట్టుకోను జాగా కావాలన్నారు.

"కార్ల పండుడేంది బిడ్డా? చలికి కొయ్యబారుతరు. ఇంట్ల పండుండ్రి," అంది నాగమణమ్మ.

రెండు రోజులున్నారు. ఏ దారిన నడిస్తే చార్మినార్ దగ్గరో, హుస్సేనీ ఆలంలో చాయ్ ఎక్కడ బాగుంటుందో అన్నీ ఆమె చెబితేనే తిరిగారు. అనూహ్య చేతికి లక్క గాజులు నా చేతే వేయించింది. ఆ పిల్ల ఫోన్ ఎత్తి బర్రెనూ దూడనూ జున్నునూ వీడియో తీస్తుంటే, నేను కూడా అందులో పడాలని తల దువ్వుకుని మరీ వచ్చి నిలబడ్డాను.

వాళ్లు హంపికి వెళ్లిన వారం లోపే, ఆదివారం పొద్దున పాలకని బయల్దేరి గల్లీలో ఆగిపోయాను. ఎటు చూసినా స్కూటర్లు, కార్లు. ఓ కుర్రాడు నన్నాపి "అంకుల్, ఫ్రీ జున్ను ఆంటీ ఇల్లు ఇదేనా?" అన్నాడు. ఫోన్ చూపించాడు. 'పాతబస్తీలో పైసా ఖర్చు లేకుండా రెండు రోజులు!' కింద నాగమణమ్మ నవ్వు ముఖం, ఇంటికి దారి.

లోపల ఇంకా ఘోరం. బర్రె చుట్టూ జనం, ఫోటోలు. ఒకాయన దూడ ముఖం మీద లైటు కొడుతున్నాడు. ఒకావిడ ఏకంగా వంటింట్లోకి దూరి గిన్నెల మూతలు తీసి చూస్తోంది. గల్లీ మొత్తాన్ని గడగడలాడించే నాగమణమ్మ నోరు తెరవకుండా నిలబడి ఉంది.

"ఫ్రీ అంటున్రు తమ్మీ," అంది నన్ను చూసి. "ఇంటికొచ్చిన పిల్లలకు ఇంత తిండి పెట్టిన. ఫ్రీ ఏంది?"

ఆ సాయంత్రం బర్రె పాలు దించలేదు. కొత్త మనుషులను చూసి బెదిరితే బర్రె పొదుగులోకి పాలు దిగనివ్వదు. దూడ పొదుగును కుమ్మి కుమ్మి అలిసిపోయింది. నాగమణమ్మ మెడ నిమిరింది, బతిమాలింది. చుక్క పడలేదు. మర్నాడు మళ్లీ జనం. ఆ మర్నాడూ అంతే. నేను తరిమేస్తానంటే వద్దంది. ఇంటికొచ్చినవాళ్లను పొమ్మనడం ఆమెకు చేతకాదు. ఇంకో బర్రె పాలు సీసాతో పట్టినా దూడ సరిగా తాగక చిక్కిపోయింది.

ఆ వారంలోనే ఆ జంట తిరుగు ప్రయాణంలో స్వీట్ల డబ్బాతో దిగారు.

"ఆంటీ, మీరు ఫేమస్ అయిపోయారు!" అంటూ అనూహ్య కావలించుకోబోయింది.

నాగమణమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కొట్టం దగ్గరికి తీసుకుపోయి, దూడ పక్కటెముకల మీద ఆనించింది. జరిగిందంతా నేను చెప్పాను. కోపం ఆపుకోలేక కాస్త గట్టిగానే చెప్పాను. పిల్ల ముఖం పాలిపోయింది. గబగబా ఫోన్ తీసింది.

"ఇప్పుడే తీసేస్తానండీ. వీడియో మొత్తం తీసేస్తాను."

"నువ్వు తీసేస్తే బర్రెకు ఎరుకైతదా బిడ్డా?"

నిఖిలేష్ తల దించుకున్నాడు. నాగమణమ్మ వాళ్లను చూసి "తిన్నరా?" అంది. అన్నం పెట్టింది కానీ బయట అరుగు మీద పెట్టింది. ఆ ఇంట్లో తిండికి ఎవరైనా బయట కూర్చోవడం నేను చూడలేదు. వాళ్లు తిని వెళ్లిపోయారు. వెనకాలే లోపల గడియ పడిన చప్పుడైంది.

ఆ మర్నాటి నుంచి పాలు ఆమే ఇంటింటికీ తెచ్చి పోసింది. కొన్నాళ్లకు మా ఆవిడ వీణ మిద్దె మీద నుంచి ఆ కొట్టంలోకి చూసి అరిచింది, బర్రె పాలిచ్చింది, దూడ తాగుతోందని. నా సంతోషం ఇంతా అంతా కాదు. గిన్నె పట్టుకుని పరుగున పోయి ఎప్పటిలాగే తలుపు తోశాను. గిన్నె తలుపుకు తగిలి కింద పడింది. తలుపు కదల్లేదు.

చెయ్యెత్తి తట్టాను. ఆ తలుపు తట్టడం నాకదే మొదలు.

"ఎవరది?" అంది లోపలి నుంచి నాగమణమ్మ.

ముప్ఫై ఏళ్లుగా పాలు పోసిన మనిషి. ఆ మాట నన్నెప్పుడూ అడగలేదు. వంగి గిన్నె తీసుకుని, మూసిన తలుపుకు నా పేరు చెప్పుకున్నాను.