మస్కట్‌లో కొన్న రెండు వీపు సంచులు

ఉద్యోగ విరమణకు ఇంకా ఏడేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో, మా కంపెనీ నన్ను ఒమన్ దేశానికి పంపింది. హోదా సీనియర్ జియాలజిస్టు, బాధ్యత ఫీల్డ్ ఇన్‌ఛార్జి. అంతకు ముందు ఇరవై రెండేళ్లు చీపురుపల్లి చుట్టుపక్కల మాంగనీసు గనుల్లో పనిచేశాను. అక్కడ జీపు వెళ్లని చోటంటూ పెద్దగా ఉండదు. పొద్దున్న సుత్తి పట్టుకుని బయలుదేరితే సాయంత్రానికి ఇంటికొచ్చి చారన్నం తినవచ్చు. ఒమన్‌లో మాకు దక్కిన లీజు కొండల్లో ఉంది. క్రోమైటు అనే ఖనిజం కోసం వెతకాలి. కింది భాగమంతా వేసవిలోనే వాహనాల మీద తిరిగి ముగించాం. పై భాగానికి దారి లేదు. ఎండలు తగ్గాక అక్కడికి నడిచి వెళ్లి, గుడారాలు వేసుకుని ఎనిమిది రోజులుండి, రాతి నమూనాలు తేవాలి. తేకపోతే లీజులో ఆ ముక్కను వదులుకోవలసి వస్తుంది.

నాతో వచ్చినవాళ్లు ఇద్దరు శాంపిల్ హెల్పర్లు. నేను గుర్తుపెట్టిన చోట రాయి పగలగొట్టి, గుడ్డసంచిలో వేసి, నంబరు బిళ్ల కట్టి, మోసుకుని రావడం వాళ్ల పని. పెద్దవాడు అప్పలస్వామి, రాజాం దగ్గర పల్లెటూరు. మాంగనీసు గనుల రోజుల నుంచీ నాతోనే ఉన్నాడు. నాకంటే రెండేళ్లు చిన్న. మనిషి పొట్టి, నా భుజం దాకా వస్తాడు. రెండోవాడు దాలినాయుడు, విజయనగరం వైపు మనిషి, అప్పలస్వామికి మేనల్లుడు. ముప్ఫై అయిదేళ్లుంటాయి, నా అంత పొడుగు.

ఎవరేం మోస్తారన్నది చదివేవారికి తెలియాలి. జియాలజిస్టు చేతిలో సుత్తి, మెడలో దిక్సూచి, భుజాన మ్యాపుల సంచి. అంతకు మించి మోయడం మా వృత్తిలో, కనీసం మా వైపు, ఆనవాయితీ కాదు. ఇరవై రెండేళ్లలో నా నమూనాలు వందల బస్తాలు అప్పలస్వామి నెత్తి మీదా కావిడి మీదా కదిలాయి. వాటి బరువెంతో నాకు ప్రయోగశాల రసీదు మీద చూస్తేనే తెలిసేది.

సెప్టెంబరు చివర కంపెనీ సామాన్లకు అనుమతి ఇచ్చింది. మస్కట్‌లో ఇలాంటి సరుకు అమ్మే పెద్ద దుకాణానికి ముగ్గురం పికప్ బండిలో వెళ్లాం. నేను లోపలికి వెళ్లాను. వాళ్లిద్దరూ బండి దగ్గర నిలబడ్డారు. రమ్మని నేను అనలేదు, వస్తామని వాళ్లూ అనలేదు. సామాను ఎత్తవలసి వచ్చినప్పుడు పిలుస్తానని అందరికీ తెలుసు.

గుడారాలు ఎంచడం నాకు బాగానే వచ్చింది. గాలికి ఎగిరిపోకుండా అన్ని వైపులా మేకులు కొట్టే రకం తీసుకున్నాను. నిద్రసంచులు, గ్యాసు పొయ్యి, నీళ్ల డబ్బాలు అయ్యాయి. చివరికి రక్‌సాక్‌లు. అంటే నడుముకు వెడల్పాటి బెల్టు, లోపల లోహపు చట్రం ఉన్న పెద్ద వీపు సంచులు. అమ్మే మనిషి నడివయసు మలయాళీ. మోసేది ఎవరని హిందీలో అడిగాడు. బయట ఉన్నారన్నాను. పిలవమన్నాడు. అవసరం లేదన్నాను. డెబ్బై లీటర్లు పట్టే సంచి ఒకటి తీసి నేనే తగిలించుకుని అద్దంలో చూసుకున్నాను. చక్కగా కూర్చుంది. అదే రకం రెండు ఇమ్మన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయి, నా ముఖం చూసి ఊరుకున్నాడు.

ఆయన చెప్పబోయింది తరువాత నాకు తెలిసింది. లీటర్లన్నది సంచి కడుపు కొలత. వీపు కొలత వేరే ఉంటుంది. మెడ కింద ఎముక నుంచి తుంటి ఎముక దాకా టేపు పెట్టి కొలుస్తారు. సంచి దానికి సరిపడితే బెల్టు తుంటి మీద బిగిసి, బరువులో ఎక్కువ భాగం అక్కడే దిగుతుంది. భుజాల మీద పడేది కొంచెమే. చట్రం పొడుగైతే బెల్టు తుంటి దాటి కిందికి జారి, అడుగు వేసినప్పుడల్లా ఎముకకు రాసుకుంటుంది. బరువంతా భుజాలను వెనక్కి లాగుతుంది. ఇది ఆ వ్యాపారంలో అక్షరాభ్యాసం లాంటిది. నాకు ఆ అక్షరాలు రావు.

సామాను క్యాంపుకు చేరిన వారానికి దసరా వచ్చింది. మా వైపు పనిముట్లకు పూజ చేయకుండా పని మొదలుపెట్టరు. మాది శ్రీకాకుళంలో బాప్టిస్టు మిషన్ చర్చి కుటుంబం. పూజ జరుగుతున్నంతసేపూ నేను పక్కన నిలబడతాను, అయ్యాక అరటిపండు తింటాను. గనుల్లో ఉన్నన్నాళ్లూ అదే పద్ధతి. అప్పలస్వామి స్నానం చేసి, సుత్తులు, ఉలులు, జీపీఎస్ పెట్టె, గుడారాలు వరసగా పెట్టి అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. సంచులకైతే బెల్టు మీద, జేబు మీద, వీపు తగిలే మెత్త మీద కూడా పెట్టాడు. కొత్త వస్తువులు కదా, వాటికి రెండు బొట్లు ఎక్కువే పడ్డాయి.

మర్నాడు పొద్దున్న సంచుల్లో రాళ్లు నింపి క్యాంపు వెనక గుట్ట ఎక్కించి చూశాను. దాలినాయుడికి బాగుంది. అప్పలస్వామి వెనక నుంచి చూస్తే సంచి ఎక్కువ, మనిషి తక్కువ. బెల్టు పిరుదుల మీద ఊగుతోంది.

దాలినాయుడు నవ్వాడు. “మావా, నువ్వు సంచిని మోస్తన్నావా, సంచే నిన్ను మోస్తన్నాదా?”

“నీ పని నువ్వు సూసుకోరా,” అన్నాడు అప్పలస్వామి.

ఎలా ఉందని నేను అడిగాను. “బాగున్నాది బాబూ. మా బాగున్నాది,” అన్నాడు.

ఆ మాట నేను నమ్మలేదు. మధ్యాహ్నం ఒక్కణ్ణే ఆ సంచి పట్టుకుని మస్కట్ వెళ్లాను. రెండు వారాల లోపు, వాడని వస్తువును మార్చి ఇవ్వడం ఆ దుకాణం నియమం. మలయాళీ ఆయన బెల్టు తిప్పి చూసి, ఆ ఎర్ర మచ్చ నెత్తురా అని మెల్లగా అడిగాడు. పూజ అని చెప్పాను. ఆయనకు వెంటనే అర్థమైంది, చేతులు జోడించాడు కూడా. అయినా మచ్చపడిన సరుకు మార్చడం తన చేతిలో లేదన్నాడు.

ఇక్కడ నేను చేయవలసింది ఒకటే. చీఫ్ జియాలజిస్టుకు ఇంకో సంచి కావాలని కాగితం పెట్టాలి. ఆ కాగితంలో కారణం అనే గడి ఉంటుంది. మోసేవాణ్ణి కొలవకుండా కొన్నాను అని అందులో రాయాలి. రాయడానికి ముఖం చెల్లలేదు. దారిపొడవునా సర్దిచెప్పుకున్నాను. పట్టీలు బిగిస్తే సరిపోతుంది, బాగుందని అతనే అన్నాడు కదా అనుకున్నాను. సంచి తెచ్చి ఉన్నచోటే పెట్టేశాను. ఎక్కడికి వెళ్లానో ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు మూడో వారంలో కొండ ఎక్కాం. బండి ఆగిన వాగు దగ్గర నుంచి గుడారాలు వేసిన చోటికి రెండు గంటల నడక. ఉదయం నమూనాలు తీయడం, మధ్యాహ్నం వాటిని ఆ వాగు దగ్గరికి దింపడం. ఒక్కో నమూనా రెండున్నర కిలోలు, మనిషికి పది. మొదటి రెండు రోజులు అప్పలస్వామి ముందులాగే కబుర్లు చెబుతూ నడిచాడు. మూడో రోజు కబుర్లు ఆగిపోయాయి. అది నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

నాలుగో రోజు కంపెనీ సేఫ్టీ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఫిలిప్పీన్స్ దేశస్థుడు, నియమం అంటే నియమమే అనే మనిషి. కొండ చరియ మీద ఒక అడుగు వెడల్పు దారి ఉంది. కుడి పక్క గోడ, ఎడమ పక్క లోయ. ఆయన్ని వెంటబెట్టుకుని నేను వెళ్తుంటే ఆ దారిలో అప్పలస్వామి ఎదురొచ్చాడు. సంచి ఖాళీగా మడిచి వీపుకు కట్టుకున్నాడు. తువ్వాలును చుట్టకుదురుగా చేసి, నమూనాల మూట నెత్తి మీద పెట్టి, రెండు చేతులతో పట్టుకుని వస్తున్నాడు. గోడ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అతను ఈవలికి వచ్చేదాకా ఇద్దరం గోడకు ఆనుకుని నిలబడ్డాం.

సేఫ్టీ ఆఫీసరు ఆ క్షణమే పని ఆపించాడు. గుడారంలో చొక్కా విప్పించి చూశాడు. రెండు తుంటి ఎముకల మీదా చర్మం లేచిపోయి పచ్చిగా ఉంది. నడుము వంగడం లేదు. ఆఫీసరు తన చేతిసంచిలోంచి అన్‌ఫిట్ ఫారం తీశాడు. ఫీల్డు పనికి పనికిరాడని ఆ ఫారం వెళ్తే మనిషిని కాంట్రాక్టు రద్దు చేసి ఇంటికి పంపుతారు. కారణం గడిలో ఆయన రాసింది ఇది: ఇచ్చిన పరికరాన్ని వాడకుండా ప్రమాదకరంగా బరువు మోశాడు. కింద ఫీల్డ్ ఇన్‌ఛార్జి సంతకం కావాలి. సాయంత్రంలోగా ఇవ్వమని చెప్పి ఆయన టీ తాగడానికి వెళ్లాడు.

నేను అప్పలస్వామి దగ్గర కూర్చున్నాను. సంచి ఇబ్బందిగా ఉంటే మొదటి రోజే ఎందుకు చెప్పలేదని కోపంగానే అడిగాను.

“మీరు సొయంగా ఎల్లి కొన్నారు బాబూ. బావులేదని ఏ నోటితో సెప్పమంటారు?” అన్నాడు. మళ్లీ తనే అడిగాడు. “నన్ను పంపీస్తారేటి? పంపితే పంపండి గానీ, పనికిరాడని కాయితం రాయకండి. మన ఊర్లో ఏటని సెప్పుకుంతాను? ఇరవై ఏళ్లు మీ ఎనకాల తిరిగినోణ్ణి.”

నాకు సిగ్గేసింది. అతని సంచి తీసుకుని ఆ పది నమూనాలూ అందులో వేశాను. జీవితంలో మొదటిసారి నా నమూనాలు నేను ఎత్తుకున్నాను. బెల్టు బిగించి గుడారాల చుట్టూ నడిచాను. పాతిక కిలోలు తుంటి మీద కూర్చున్నాయి. ఎక్కడా రాసుకోలేదు, ఎక్కడా లాగలేదు. దర్జీ కొలతలు తీసుకుని కుట్టినట్టుంది. ఆ కొలతలు నావి.

ఫారంలో సేఫ్టీ ఆఫీసరు రాసిన వాక్యం కింద నేను ఇంకో వాక్యం రాశాను. ఈ సంచిని ఫీల్డ్ ఇన్‌ఛార్జి తన వీపుకు చూసుకుని కొన్నాడు, మోసే మనిషిని కొలవలేదు, పొరపాటు తెలిసిన తరువాత కూడా మార్చలేదు. సంతకం పెట్టి ఇచ్చాను. చివరి ముక్క దగ్గర కలం ఆగింది, కానీ అది లేకుండా ఆ వాక్యం నిజం కాదు. సేఫ్టీ ఆఫీసరు రెండుసార్లు చదివి, ఇది మీ మీదికి వస్తుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను.

వచ్చింది. చీఫ్ జియాలజిస్టు ఫోన్ చేసి ఆ వాక్యం తీసేయదలచుకున్నానా అని అడిగారు. లేదన్నాను. పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. అప్పలస్వామికి మూడు వారాల విశ్రాంతి, తరువాత మళ్లీ అదే పని. నన్ను ఫీల్డ్ ఇన్‌ఛార్జి బాధ్యత నుంచి తప్పించి మస్కట్ ఆఫీసులో మ్యాపుల పనికి మార్చారు. కొండ మీద మిగిలిన నమూనాలు నా స్థానంలో వచ్చినతను పూర్తిచేశాడు. అవి నేను తెచ్చి ఉండవలసినవి. బాధ కలిగింది, దాచను.

బాధ్యత అప్పగించే ముందు నేను ముగించవలసిన పని ఒకటి మిగిలింది. కొత్త సంచి కొనాలి. ముగ్గురం అదే బండిలో అదే దుకాణానికి వెళ్లాం. ఈసారి వాళ్లిద్దరినీ లోపలికి పంపి నేను బండి దగ్గర నిలబడ్డాను. అద్దాల్లోంచి కనిపిస్తోంది. మలయాళీ ఆయన టేపు పెట్టి అప్పలస్వామి వీపు కొలిచాడు. ఒక సంచిలో ఇసుక మూటలు వేసి తగిలించాడు. దుకాణంలో ఇటూ అటూ నడిపించాడు. అప్పలస్వామి తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి తెచ్చాడు. మళ్లీ ఊపాడు. అరగంట పట్టింది.

దాలినాయుడు ముందుగా బయటికి వచ్చాడు. “మావ నాలుగు సంచులికి వంక పెట్టీసినాడు బాబూ. ఒకటి బావులేదు, ఒకటి గుచ్చుకుంతన్నాది, ఒకటి జారిపోతన్నాది, ఒకటి ఆడోళ్లది లాగున్నాదంట. ఆ కొట్టాయన సచ్చిపోతన్నాడు లోపల,” అన్నాడు.

ఇరవై ఏళ్లకు పైగా కలిసి పనిచేసిన మనిషి నాతో ఒక్కసారి కూడా బావులేదు అనలేదు. పరిచయం లేని సేల్స్‌మన్‌తో అరగంటలో నాలుగుసార్లు అన్నాడు. మొదటిసారి అతన్ని లోపలికి పిలవకపోవడమే నా తప్పని అప్పటిదాకా అనుకున్నాను. పిలిచినా, నేను పక్కనే ఉంటే బాగున్నాదనే అనేవాడు.

ఇండియా తిరిగివచ్చాక మిగిలిన ఉద్యోగకాలంలో పనివాళ్లకు బూట్లు, హెల్మెట్లు, సంచులు చాలాసార్లు కొనిపించాను. విజయనగరంలో కొన్నా, విశాఖపట్నంలో కొన్నా, ప్రతిసారీ వాళ్లు లోపల ఉన్నారు. నేను బండి దగ్గర ఉన్నాను.